వెయ్యి మంది వస్తే ఇల్లు అరగంటలో లేస్తుందా?

పిల్లలూ, మీ లెక్కల పుస్తకంలో 'కాలం – పని' అని ఒక పాఠం ఉంటుంది చూశారూ? పది మంది ఒక గోడను ఆరు రోజుల్లో కడితే ఇరవై మంది ఎన్ని రోజుల్లో కడతారు అని అడుగుతారు. మూడు రోజులని రాస్తే మాస్టారు మార్కులు వేస్తారు. మా చంటిగాడు ఆ లెక్కను అక్కడితో వదల్లేదు. "తాతయ్యా, అరవై మందిని పెడితే ఒక్క రోజు. వెయ్యి మందిని పెడితే అరగంట. మరి మన వీధి చివర ఇల్లు ఏడాది నుంచీ ఎందుకు కడుతున్నారు?" అన్నాడు.

చాలా మంచి ప్రశ్న. పెద్ద పెద్ద ఇంజనీర్లు కూడా ఈ ప్రశ్నతోనే కుస్తీ పట్టారు. దాని వెనకాల ఒక శాస్త్రమే పుట్టింది. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అంటే ఆఫీసుల్లో బోర్డుల మీద రాసుకునే వ్యవహారమని మీరు అనుకుంటూ ఉంటారు. అందులో రసాయన శాస్త్రం ఉంది, లెక్కలున్నాయి, మనుషుల మనసులూ ఉన్నాయి. ఒక్కొక్కటే విప్పుకుందాం.

స్లాబు కింద కర్రలు ఎందుకు?

ముందు ఆ వీధి చివరికే వెళదాం పదండి. ముగ్గు పోశారు, పునాదులు తీశారు, పిల్లర్లు లేపారు, గోడలు కట్టారు. ఇక స్లాబు వెయ్యాలి. సెంట్రింగు వాళ్లు వచ్చి కింద కర్రలు నిలబెట్టి పైన రేకులు పరుస్తారు. వాటి మీద ఇనప చువ్వలు అల్లి కడతారు. కరెంటు పనివాడు ఫ్యాన్లకీ లైట్లకీ పైపులు వేస్తాడు. ఒకరోజు తెల్లవారుతూనే కాంక్రీటు కలిపే మిషను మొదలవుతుంది. సాయంత్రానికి స్లాబు పడుతుంది.

మర్నాడు వెళ్లి చూడండి. ముందు రోజు సందడి ఏదీ ఉండదు. ఒక్క మనిషి పైపు పట్టుకుని స్లాబు మీద కట్టిన మడుల్లో నీళ్లు నింపుతూ ఉంటాడు. దారిన పోయేవాళ్లు పని ఆగిపోయిందనుకుంటారు. ఆ ఇంటికి ప్రాణం పోసే పని మాత్రం అప్పుడే లోపల్లోపల జరుగుతూ ఉంటుంది.

సిమెంటు ఎండి గట్టిపడుతుందని చాలామంది నమ్మకం. అసలు సంగతి వేరు. సున్నపురాయినీ మట్టినీ కలిపి సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే క్లింకర్ అనే గట్టి ఉండలు వస్తాయి. వాటికి కాస్త జిప్సం చేర్చి మెత్తగా పొడి చేస్తే అదే సిమెంటు. ఆ పొడిలో కాల్షియం సిలికేట్లు ఉంటాయి. నీళ్లు తగలగానే అవి నీటితో కలిసి కొత్త పదార్థంగా మారడం మొదలుపెడతాయి. ఆ కొత్త పదార్థం ఇసుక రేణువుల మధ్యా కంకర మధ్యా అల్లుకుపోయి అన్నిటినీ పట్టి ఉంచుతుంది. అందుకే కాంక్రీటు నీళ్లలో మునిగి ఉన్నా గట్టిపడుతుంది. నీళ్లు పట్టకుండా ఎండకు వదిలేస్తేనే బలం చచ్చిపోతుంది.

ఆ సిలికేట్లలో రెండు ముఖ్యమైన రకాలున్నాయి. ట్రైకాల్షియం సిలికేట్ త్వరగా స్పందించి తొలి వారాల బలాన్నిస్తుంది. డైకాల్షియం సిలికేట్ నింపాదిగా పనిచేసి ఆ తరవాతి బలాన్నిస్తుంది. మామూలు సిమెంటుతో వేసిన కాంక్రీటుకు ఏడు రోజుల్లో సుమారు మూడింట రెండు వంతుల బలం వస్తుంది. ఇంజనీర్లు లెక్కలోకి తీసుకునే బలం 28 రోజుల నాటిది. మన దేశపు కాంక్రీటు నియమావళి ఐఎస్ 456 కూడా ఈ రసాయనాన్ని దృష్టిలో పెట్టుకునే రాశారు. మామూలు సిమెంటైతే కనీసం ఏడు రోజులు తడపాలి. స్లాబు ఆనుకునే ఆధారాల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల లోపైతే కింది కర్రలు ఏడు రోజులు ఉంచాలి, అంతకు మించితే పద్నాలుగు రోజులు.

ఇడ్లీ పిండి రుబ్బడానికి ఇద్దరుంటే పని సగం వేళలో అయిపోతుంది. పులియడానికి మాత్రం రాత్రంతా పట్టాల్సిందే, గిన్నె చుట్టూ పది మంది కాపలా కూర్చున్నా సరే. లోకంలో పనులన్నీ ఈ రెండు రకాలే నాన్నా. మనుషులు పెరిగితే తరిగేవి కొన్ని, ఎంతమంది వచ్చినా తమకు కావలసిన కాలం తాము తీసుకునేవి కొన్ని. చంటిగాడి లెక్క మొదటి రకానికి సరిపోతుంది. రెండో రకం ఎదురైన చోట ఆగిపోతుంది.

ఏ పని దేని కోసం ఆగింది?

"అయితే ఆ రోజులన్నీ ఊరికే కూర్చోవడమేనా?" అంది మా అమ్మడు. అక్కడే అసలు తెలివి ఉంది. కాగితం, పెన్సిలు తెచ్చుకోండి.

ఆ ఇంట్లో లోపలి ప్లాస్టరింగు మొదలుపెట్టాలి. దానికి ముందు ఏమేం కావాలి? సెంట్రింగు 5 రోజులు, చువ్వలు కట్టడం 3, పైపులు 1, కాంక్రీటు పోయడం 1. హాలు పెద్దది కాబట్టి కర్రలు తీయడానికి 14 రోజులు ఆగాలి. ఇవి ఒకదాని తరవాత ఒకటే జరగాలి. మొత్తం 24 రోజులు. ఇంకోపక్క కిటికీల చట్రాలు బిగించాకే ప్లాస్టరింగు చెయ్యాలి. వాటికి వడ్రంగి 20 రోజులు అడిగాడు. ఇసుక తోలించి జల్లెడ పట్టడానికి 3 రోజులు. అన్నీ కలిపితే 47. కానీ వడ్రంగికీ స్లాబుకీ సంబంధం లేదు, ఇసుకకీ వడ్రంగికీ లేదు. మూడూ ఒకేసారి నడవొచ్చు. కాబట్టి ప్లాస్టరింగు మొదలవడానికి పట్టేది 24 రోజులే, అంటే అన్నిటికన్నా పొడవైన గొలుసు ఎంతో అంత.

ఆ పొడవైన గొలుసునే ఇంజనీర్లు క్రిటికల్ పాత్ అంటారు. ఇప్పుడు తమాషా చూడండి. వడ్రంగి మూడు రోజులు ఆలస్యం చేశాడనుకోండి, ఇల్లు ఒక్క పూట కూడా వెనకపడదు. అతనికి నాలుగు రోజుల వెసులుబాటు ఉంది. ఇసుకకైతే ఇరవై ఒక్క రోజుల వెసులుబాటు. సెంట్రింగు వాళ్లు ఒక్క రోజు రాకపోతే మాత్రం ఇల్లు మొత్తం ఒక రోజు వెనక్కి పోతుంది. వడ్రంగి ఆరు రోజులు ఆలస్యం చేస్తే? అప్పుడు అతని గొలుసు 26 రోజులకు పెరిగి, స్లాబును దాటేసి, అదే క్రిటికల్ అయి కూర్చుంటుంది. అంటే ఈ లెక్క మొదటి రోజు ఒకసారి వేసి గోడకు తగిలించేది కాదు. పని నడిచినన్నాళ్లూ వేస్తూనే ఉండాలి.

చాలా చోట్ల పెద్దలు ఎదురుగా కనిపించినవాణ్ణి కేకలేస్తారు. అతని పనికి ఇరవై రోజుల వెసులుబాటు ఉండొచ్చు. నిజంగా ఆపుతున్న పని ఎక్కడో కంటికి కనపడని మూలలో ఉంటుంది. కేకలు ఒకచోట, జబ్బు ఇంకోచోట.

ఈ గొలుసు లెక్కకు పద్ధతి కట్టింది 1957 ప్రాంతంలో. అమెరికాలో డ్యుపాంట్ అనే రసాయనాల కంపెనీలో మోర్గాన్ వాకర్, రెమింగ్టన్ రాండ్ కంపెనీకి చెందిన జేమ్స్ కెల్లీ కలిసి దీన్ని రూపొందించారు. యూనివాక్ అనే పెద్ద కంప్యూటరు మీద లెక్కలు వేశారు. ఆ మరుసటి ఏడు, 1958లో, అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణుల కోసం పెర్ట్ అనే పద్ధతిని తయారుచేసింది. ఎప్పుడూ చెయ్యని పనికి ఎన్ని రోజులు పడుతుందో ముందుగా ఎవరు చెప్పగలరు? అందుకని పెర్ట్ ఒక్క అంకె అడగదు, మూడు అడుగుతుంది. అన్నీ కలిసొస్తే ఎన్ని రోజులు, మామూలుగా అయితే ఎన్ని, అన్నీ అడ్డం తిరిగితే ఎన్ని? మధ్య అంకెను నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగిస్తారు. సెంట్రింగు బాగుంటే 4 రోజులు, మామూలుగా 5, వానలు పడితే 12 అనుకోండి. 4, 20, 12 కలిపితే 36. ఆరుతో భాగిస్తే 6. మేస్త్రీ నోటితో "ఐదు రోజులండీ" అన్నా, మనం ఆరు రాసుకోవడం మంచిది. వాన మన మాట వినదు కదా.

గొలుసును తెంచిన తెలివి

గొలుసు ఏదో తెలిశాక దాన్ని పొట్టి చెయ్యాలి. దానికి రెండు గొప్ప ఉదాహరణలు చెబుతాను.

మొదటిది అమెరికాలో కొలరాడో నది మీద కట్టిన హూవర్ డ్యామ్. సిమెంటు నీళ్లతో కలిసేటప్పుడు వేడి పుడుతుంది. మీ చేతిలో చిన్న ముద్ద అయితే ఆ వేడి గాలిలో పోతుంది. కొండంత కాంక్రీటు ఒకేసారి పోస్తే వేడి లోపలే చిక్కుకుంటుంది. దాన్ని ఏకశిలలా పోస్తే చల్లారడానికి 125 ఏళ్లు పడుతుందని ఇంజనీర్లు అంచనా వేశారు. చల్లారేకొద్దీ కుంచించుకుపోయి పగుళ్లు వస్తాయి. ఎంతమంది కూలీలను పెడితే ఆ 125 ఏళ్లు తగ్గుతాయి చంటీ? ఒక్క రోజు కూడా తగ్గదు. వాళ్లు ఏం చేశారంటే, ఆనకట్టను దిమ్మెలు దిమ్మెలుగా విడదీసి, అయిదేసి అడుగుల ఎత్తున పోశారు. లోపల అంగుళం వ్యాసం ఉన్న స్టీలు గొట్టాలు పరిచి వాటిలో చల్లటి నీళ్లు పారించారు. ఆ గొట్టాల పొడవంతా కలిపితే 582 మైళ్లు. దిమ్మెలు చల్లారాక సందుల్లో సిమెంటు పాలు ఎక్కించి ఒక్కటి చేశారు. 1933 జూన్‌లో మొదలైన కాంక్రీటు 1935 మే నెలాఖరుకి పూర్తయింది. మొత్తం పని గడువుకు రెండేళ్లకు పైగా ముందే ముగిసింది.

రెండోది మన దేశంలోదే. 1964 డిసెంబరులో తుఫాను వచ్చి రామేశ్వరం దగ్గర పాంబన్ రైలు వంతెనను ధ్వంసం చేసింది. బాగుచేయడానికి రైల్వే ఆరు నెలల గడువు పెట్టింది. ఆ పని ఇ. శ్రీధరన్ అనే యువ ఇంజనీరుకు అప్పగించారు. తరవాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో నడిపించినాయన. మన కాకినాడ ఇంజనీరింగు కాలేజీలో చదువుకున్నాయన కూడా. వంతెన గర్డర్లు సముద్రంలో కొట్టుకుపోయాయి. కొత్తవి చేయించి తెప్పించాలంటే నెలలు పడుతుంది. పొడవైన గొలుసు అదే. ఆయన బృందం సముద్రం అడుగున పడిన గర్డర్లనే వెతికి పైకి తీసి మళ్లీ బిగించింది. వంతెన 46 రోజుల్లో సిద్ధమైంది. మనుషుల్ని రాత్రింబవళ్లు పరుగులు పెట్టించడం ఒక్కటే అయితే ఇంత కాలం మిగిలేది కాదు. ఏ పని ఆపుతోందో ఆ పని అవసరమే లేకుండా చేశారు. అదీ గొప్పతనం.

మనుషులు పెరిగితే మాటలూ పెరుగుతాయి

ఇప్పుడు అమ్మడి ప్రశ్న. "మా అమ్మ చేసేది సాఫ్ట్‌వేర్ కదా తాతయ్యా. అందులో సిమెంటూ లేదు, చల్లారడమూ లేదు. మరి అక్కడ మనుషుల్ని పెంచితే పని త్వరగా అవ్వాలి కదా?"

హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో మన తెలుగు పిల్లలు లక్షల్లో చేస్తున్న పని కాబట్టి ఇది జాగ్రత్తగా వినండి. 1960లలో ఐబీఎం కంపెనీ ఓఎస్/360 అనే పెద్ద సాఫ్ట్‌వేర్ రాయించింది. ఆ పని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ తన అనుభవాన్ని 1975లో 'ది మిథికల్ మ్యాన్-మంత్' అనే పుస్తకంగా రాశాడు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి కొత్త మనుషుల్ని చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని ఆయన తేల్చాడు. ఎందుకంటారా? కొత్తవాళ్లకు పని నేర్పాలి. నేర్పేది ఎవరు? అప్పటిదాకా పని చేస్తున్నవాళ్లే. వాళ్ల పని ఆగుతుంది. పైగా ఒకరు రాసింది ఇంకొకరు రాసినదానితో అతకాలి కాబట్టి అందరూ అందరితో మాట్లాడుకోవాలి.

ఆ మాటల లెక్క మీరే వెయ్యండి. అయిదుగురుంటే జతలు ఎన్ని? పది. పది మందైతే 45. యాభై మందైతే 1225. మనుషులు పది రెట్లు పెరిగితే జతలు నూట ఇరవై రెట్లు దాటిపోయాయి. ఉద్యోగి రోజంతా మీటింగుల్లోనే గడిపానని ఇంటికొచ్చి నిట్టూరిస్తే, ఆ నిట్టూర్పు వెనక ఉన్నది ఈ లెక్కే.

మరి దారి లేదా? ఉంది. గోదావరి చూపిస్తుంది. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ దొర 1847 నుంచి 1852 దాకా ఆనకట్ట కట్టించాడు. అక్కడ నది లంకల మధ్య పాయలుగా చీలి ఉంది. అందుకే ఆ ఆనకట్ట ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా వచ్చింది. ఒక పాయ దగ్గర రాళ్లు పేర్చే మేస్త్రీ రెండో పాయ మేస్త్రీని అడుగడుగునా అడగాల్సిన పనిలేదు. ఇద్దరికీ తెలియాల్సినవి కట్ట ఎత్తు లాంటి కొన్ని కొలతలే.

మంచి నాయకుడు చెయ్యాల్సిందీ ఇదే. పనిని ముక్కలు చేసేటప్పుడు ఒక్కో ముక్క తన కాళ్ల మీద తాను నిలబడేలా చెయ్యాలి. రెండు ముక్కలు కలిసే చోట ఏ కొలత ఉండాలో ముందే రాసి అందరి చేతిలో పెట్టాలి. గోదావరిలో లంకలు ప్రకృతి ఇచ్చింది. ఆఫీసులో ఆ హద్దులు మనమే గీసుకోవాలి. హద్దులు బాగా గీస్తే యాభై మంది కూడా చక్కగా పనిచేస్తారు. గీయకపోతే పది మంది కూడా ఒకరి కాళ్లకు ఒకరు అడ్డం పడతారు.

రాయి మీద రాయి, కాలంతో పోటీ

నాగార్జునసాగర్ చూశారుగా? 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. రాతికట్టడపు ఆనకట్టల్లో ప్రపంచంలోనే పెద్దదిగా పేరు పొందింది. అంత పెద్దదాన్ని కాంక్రీటుతో పోయకుండా రాయితో ఎందుకు కట్టారు? రాతికట్టడానికి సిమెంటు తక్కువ చాలు, పెద్ద యంత్రాలు తక్కువ కావాలి, చేతులు ఎక్కువ కావాలి. అప్పటి మన దేశంలో సిమెంటుకీ యంత్రాలకీ కరువు. పని కావలసిన చేతులు మాత్రం వేలకు వేలు. మన దగ్గర ఏది ఉంది, ఏది లేదు అని చూసుకుని పద్ధతి ఎంచుకోవడం కూడా ప్రాజెక్టు నడపడంలో భాగమే.

అక్కడే ఇంకో గొలుసు ఉంది. జలాశయం నిండితే నాగార్జునకొండ లోయ మునిగిపోతుంది. ఇక్ష్వాకుల నాటి విజయపురి, బౌద్ధ స్తూపాలు, విహారాలు ఆ లోయలోనే ఉన్నాయి. శంకుస్థాపనకు ముందే మొదలుపెట్టి, 1954 నుంచి 1960 దాకా, పురావస్తు శాఖ ఆర్. సుబ్రహ్మణ్యం గారి నాయకత్వంలో లోయంతా తవ్వింది. ముఖ్యమైన కట్టడాలను కొండ మీదకు తరలించి మళ్లీ నిలిపింది. ఇప్పుడు మీరు లాంచీలో వెళ్లి చూసే దీవి ఆ కొండే. తవ్వకం పని అంటే కుంచెతో మట్టి దులుపుతూ, ఒక్కో పొర రాసుకుంటూ, నిదానంగా చేసేది. దానికి గడువు పెట్టింది నీళ్లు. ఇంజనీర్ల పనీ చరిత్రకారుల పనీ ఒకే కాగితం మీద చూసుకోకపోయి ఉంటే ఈ రోజు మనకు ఆ శిల్పాలు ఉండేవి కావు. తన శాఖ వరకే చూసుకునేవాడు సగం పనే చూస్తాడు.

తొందర ఎవరి మెడకు?

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. హూవర్ డ్యామ్ రెండేళ్లు ముందే పూర్తయిందన్నాను కదా. ఆ పనిలో 96 మంది కార్మికులు ప్రమాదాల్లో చనిపోయారని అధికారిక లెక్క. నది మళ్లించే సొరంగాల్లో పెట్రోలు లారీలు నడిపారు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ పీల్చి ఎందరో జబ్బుపడ్డారు. ముందుగా పూర్తయిన రోజుల్ని గొప్పగా చెప్పుకునేటప్పుడు ఈ అంకెను కూడా పక్కనే పెట్టాలి.

మన ఊళ్లలోనూ అంతే. పద్నాలుగు రోజులు ఉండాల్సిన కర్రలు ముందే లాగేస్తే స్లాబు ఎవరి మీద పడుతుంది? గడువు పెట్టినవాడి మీద కాదు, కింద తట్ట మోస్తున్న మనిషి మీద. సిమెంటు రసాయనానికి ఓనరు తొందర తెలియదు, ప్రారంభోత్సవ ముహూర్తం తెలియదు. అది నడిచే వేగం అంతే. ఆ వేగాన్ని గౌరవించడం చేతకాకపోతే, ఆ మనిషి ఎంత చదివినా ఇంజనీరు కానట్టే. "ఇంకా మూడు రోజులు ఆగాలండీ" అని మేస్త్రీ అన్నప్పుడు, ఆ మాట వినిపించుకునే నాయకుడే నాయకుడు. ఆలస్యాన్ని దాచకుండా చెప్పినవాణ్ణి తిట్టే చోట, రెండోసారి ఎవరూ నిజం చెప్పరు. నిజం రాకపోతే గొలుసు లెక్కలన్నీ కాగితం మీదే ఉంటాయి.

కాబట్టి ఏ పని ఆలస్యమైనా ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇప్పుడు ఏ పని అన్నిటినీ ఆపుతోంది? అది మనుషులు పెరిగితే తరిగేదా, తన కాలం తాను తీసుకునేదా? దాన్ని పొట్టి చేసే వేరే దారి ఏదైనా ఉందా? ఈ మూడింటికీ జవాబు దొరికాకే ఎవరినైనా తొందరపెట్టాలి. చాలాసార్లు అప్పటికి తొందరపెట్టాల్సిన అవసరమే ఉండదు.

ఇక మీకు ఒక లెక్క. మీ బడి వార్షికోత్సవానికి డ్యాన్సు వెయ్యాలి. బట్ట కొనడానికి 1 రోజు, కొన్నాక దర్జీ కుట్టడానికి 6 రోజులు. డ్యాన్సు నేర్చుకోవడానికి 8 రోజులు. స్టేజీ కట్టడానికి 3 రోజులు. ఇవన్నీ అయ్యాక దుస్తులు వేసుకుని స్టేజీ మీద రిహార్సలు 1 రోజు. కార్యక్రమానికి ఎన్ని రోజుల ముందు మొదలుపెట్టాలి? దర్జీ ఒక రోజు ఆలస్యం చేస్తే ఏమవుతుంది, రెండు రోజులైతే ఏమవుతుంది? స్టేజీ కట్టడానికి ఇంకో పది మంది వస్తామంటే వాళ్లను రమ్మంటారా, వద్దంటారా? జవాబు రాసుకుని రండి. చివరి ప్రశ్నకు కారణం కూడా రాయాలి సుమా, మార్కులన్నీ దానికే.